నూటొకటో యూనిట్ ధర: సరిహద్దు జిల్లాల తెలుగు ఇళ్లలో కరెంటు బిల్లు లెక్క

క్లుప్తంగా

మహారాష్ట్ర, ఒడిశా సరిహద్దు జిల్లాల్లోని తెలుగు కుటుంబాలు తమ కరెంటు బిల్లును అవతలి రాష్ట్రంలోని బంధువుల బిల్లుతో పోల్చుకుని తికమకపడుతున్నాయి. ఈ తేడాలో పెద్ద వాటా స్లాబుల అమరికది, అంటే వాడకం పెరిగేకొద్దీ యూనిట్ ధర పెరిగే మెట్లది. మహారాష్ట్రలో 100 యూనిట్లు దాటగానే యూనిట్ ధర దాదాపు రెట్టింపవుతుంది. ఒడిశాలో మెట్లు చిన్నవి. తెలంగాణలో 200 యూనిట్ల దగ్గర ఒక అంచు ఉంది, అది దాటితే బిల్లు ఒక్కసారిగా పెరుగుతుంది. అందువల్ల ఏ ఇంటికైనా సగటు ధర కంటే ఆ నెల వాడిన చివరి యూనిట్ ధర ముఖ్యం. ఫ్యాను మార్చాలా, ఇండక్షన్ పొయ్యి కొనాలా, ఇంటి మీద సోలార్ పెట్టించాలా అన్న ప్రశ్నలకు సరిహద్దుకు ఒక వైపు వచ్చే జవాబు రెండో వైపు చెల్లకపోవడానికి కారణం ఇదే.

ప్రాణహితకు అటూ ఇటూ

గడ్చిరోలి జిల్లాలోని సిరొంచ ప్రాణహిత ఒడ్డున ఉంది. నది దాటితే తెలంగాణ. పెళ్లి సంబంధాలు, సంతలు, ఆసుపత్రి ప్రయాణాలు రెండు ఒడ్లనూ కలిపే ఉంచుతాయి కనుక బిల్లుల పోలిక కూడా ఇంటి మాటల్లోకి వస్తుంది. అవతలి ఒడ్డున చెల్లెలి ఇంట్లో నెలకు సున్నా బిల్లు వస్తుంటే ఇవతలి ఒడ్డున అన్న ఇంట్లో అవే ఫ్యాన్లకు, అదే ఫ్రిజ్‌కు పదిహేను వందలు ఎందుకు కట్టాలన్నది చంద్రపూర్ జిల్లా రాజురా, బల్లార్‌పూర్‌లలోనూ, నాందేడ్ జిల్లా కిన్వట్, ధర్మాబాద్, దెగ్లూర్‌లలోనూ వినిపించే ప్రశ్నే.

ఒడిశా వైపు పోలిక మరో రకంగా ఉంటుంది. పర్లాఖిమిడి నుంచి పాతపట్నం, బరంపురం నుంచి ఇచ్ఛాపురం, రాయగడ నుంచి పార్వతీపురం ఎంతో దూరం కావు. అక్కడ చిన్న ఇంటివారు ఆంధ్రలోనే చవకంటారు, ఏసీ ఉన్న ఇంటివారు ఒడిశాలోనే చవకంటారు. రెండు మాటలూ నిజమే. ఎలా నిజమో స్లాబుల లెక్క చూస్తే తెలుస్తుంది.

బిల్లు కాగితం మీది మాటలు

మహారాష్ట్ర వైపు బిల్లు మరాఠీలో వస్తుంది. తెలుగు మాత్రమే చదవగలిగిన ఇంట్లో అందరూ కింద ఉన్న మొత్తం చూసి కట్టేస్తారు, మధ్యలోని వరుసలను ఎవరూ చూడరు. అసలు కథ ఆ వరుసల్లోనే ఉంది. ‘స్థిర్ ఆకార్’ అంటే కరెంటు వాడినా వాడకపోయినా కట్టవలసిన స్థిర చార్జీ. ‘వీజ్ ఆకార్’ వాడిన యూనిట్ల ధర. ‘వహన్ ఆకార్’ తీగల మీదుగా ఆ కరెంటును ఇంటిదాకా తెచ్చినందుకు యూనిట్‌కు ఇంత అని వేసే రుసుము. ‘ఇంధన్ సమాయోజన్ ఆకార్’ బొగ్గు ధర, బయట కొన్న కరెంటు ధర మారినప్పుడు వేసే సర్దుబాటు. ‘వీజ్ శుల్క్’ రాష్ట్ర ప్రభుత్వానికి వెళ్లే విద్యుత్ సుంకం. ‘థకబాకీ’ పాత బకాయి. ‘మాగీల్ రీడింగ్’, ‘చాలూ రీడింగ్’ అన్నవి వెనకటి నెల, ఈ నెల మీటరు అంకెలు. ‘మంజూర్ భార్’ ఇంటికి మంజూరైన లోడు.

2024-25 ధరల ప్రకారం నెలకు 90 యూనిట్లు వాడిన ఇంటి బిల్లును విడదీస్తే ఇలా ఉంటుంది. యూనిట్‌కు 4.71 చొప్పున వీజ్ ఆకార్ 423.90 రూపాయలు, 1.17 చొప్పున వహన్ ఆకార్ 105.30, సింగిల్ ఫేజ్ స్థిర్ ఆకార్ 128. ఈ మూడూ కలిపి 657.20. దీని మీద 16 శాతం సుంకం 105.15 కలిస్తే మొత్తం 762.35 రూపాయలు. ఇంధన సర్దుబాటు ఉన్న నెలలో అది అదనం. యూనిట్ ధర 4.71 అని విని 424 రూపాయలు వస్తుందనుకున్న ఇంటికి 762 వస్తే మీటరు తప్పు తిరిగిందన్న అనుమానం కలగడం సహజం. మీటరు సరిగానే ఉండి ఉండవచ్చు. మిగిలిన 338 రూపాయలూ ఎవరూ చదవని ఆ మధ్య వరుసల్లోవి.

స్థిర చార్జీకి మరో పక్క ఉంది. మిరప కోతలకు తెలంగాణ వైపు వలస వెళ్లి రెండు మూడు నెలలు ఇంటికి తాళం వేసిన కుటుంబానికి కూడా సుంకంతో కలిపి నెలకు 148 రూపాయల పైచిలుకు పడుతూనే ఉంటుంది. ఒక్క యూనిట్ కూడా వాడకుండానే తిరిగి వచ్చేసరికి బకాయి పేరుకుంటుంది. పేద ఇంటికి ఇది చిన్న భారం కాదు. వాడకాన్ని తగ్గించి తప్పించుకోగలిగిన భారం కూడా కాదు.

నాలుగు రాష్ట్రాల మెట్లు

మహారాష్ట్రలో గృహ వాడకానికి నాలుగు మెట్లు ఉన్నాయి: 100 వరకు, 101 నుంచి 300, 301 నుంచి 500, ఆపైన. 2024-25లో వహన్ ఆకార్‌తో కలిపి యూనిట్ ధర వరుసగా 5.88, 11.46, 15.72, 17.81 రూపాయలు. 2025లో వచ్చిన ఉత్తర్వులతో ఈ అంకెలు మారాయి గానీ మెట్ల నిర్మాణం మాత్రం మారలేదు కనుక మహారాష్ట్ర లెక్కలన్నీ ఇక్కడ 2024-25 ధరలతోనే ఉన్నాయి. ఒడిశాలో 2023-24 ధరల ప్రకారం మొదటి 50 యూనిట్లకు 3.00, 200 వరకు 4.80, 400 వరకు 5.80, ఆపైన 6.20. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ నుంచి 30 వరకు 1.90, 75 వరకు 3.00, 125 వరకు 4.50, 225 వరకు 6.00, 400 వరకు 8.75, ఆపైన 9.75. ఈ మూడు రాష్ట్రాల్లోనూ ఏ మెట్టులోని యూనిట్లకు ఆ మెట్టు ధరే పడుతుంది. పై మెట్టుకు వెళ్లినంత మాత్రాన కింది యూనిట్ల ధర మారదు.

తెలంగాణ పద్ధతి వేరు. అక్కడ మొత్తం వాడకాన్ని బట్టి ఇల్లు ఏ వర్గంలోకి వస్తుందో ముందు తేలుతుంది, ఆ తర్వాత మొదటి యూనిట్ నుంచీ ఆ వర్గపు ధరలు వర్తిస్తాయి. 100 లోపు అయితే మొదటి 50కి 1.95, తర్వాతి 50కి 3.10. 200 లోపు అయితే మొదటి వందకు 3.40, రెండో వందకు 4.80. 200 దాటితే మొదటి 200 యూనిట్లకూ 5.10, ఆపైన 300 వరకు 7.70. అంటే 200 యూనిట్లకు 820 రూపాయలయ్యే ఇంధన చార్జీ 201కి 1,027.70 అవుతుంది. ఒక్క యూనిట్ విలువ 207 రూపాయల 70 పైసలు. 2024 మార్చి నుంచి అమలవుతున్న గృహజ్యోతి పథకంలో అర్హులైన ఇళ్లకు 200 యూనిట్ల వరకు ఉచితం కనుక ఆ అంచు మరింత నిటారైంది. 200 దాటిన నెలలో సున్నా బిల్లు పోయి మొత్తం బిల్లు కట్టవలసి వస్తుంది. చెల్లెలి ఇంట్లో సున్నా వస్తుందన్నది నిజమే గానీ ఆ సున్నా 200 అంచున నిలబడి ఉంటుంది.

స్థిర చార్జీ, సుంకం, సర్దుబాటు, ఉచిత పథకాలు పక్కన పెట్టి యూనిట్ల చార్జీ మాత్రమే పోలిస్తే చిత్రం ఇలా కనిపిస్తుంది. 100 యూనిట్లకు తెలంగాణలో 252.50, ఆంధ్రలో 304.50, ఒడిశాలో 390, మహారాష్ట్రలో 588 రూపాయలు. 150 యూనిట్లకు ఆంధ్రలో 567, తెలంగాణలో 580, ఒడిశాలో 630, మహారాష్ట్రలో 1,161. 300 యూనిట్లకు వరుస తిరగబడుతుంది: ఒడిశాలో 1,450, ఆంధ్రలో 1,673, తెలంగాణలో 1,790, మహారాష్ట్రలో 2,880. పర్లాఖిమిడిలో రెండు రకాల మాటలు ఎందుకు వినిపిస్తాయో ఈ అంకెలే చెబుతాయి. చిన్న వాడకానికి ఒడిశా ధర పాతపట్నం కంటే ఎక్కువ, పెద్ద వాడకానికి తక్కువ. ఒడిశాలో నెలకు 30 యూనిట్ల లోపు వాడే, కుటీర జ్యోతి పథకంలోని పేద ఇళ్లకు నెలకు 80 రూపాయల ఏకమొత్తం బిల్లు ఉండడం అడుగు మెట్టువారికి కొంత ఊరట.

మహారాష్ట్రలో మాత్రం ఏ వాడకం దగ్గర చూసినా ధర ఎక్కువే. అంతకంటే ముఖ్యమైన విషయం మెట్ల మధ్య ఎత్తు. సుంకంతో కలిపితే నూరో యూనిట్ ధర 6.82 రూపాయలు, నూటొకటో యూనిట్ ధర 13.29. స్థిర చార్జీ, సుంకం కలిపి 100 యూనిట్లకు 830.56 కట్టిన ఇల్లు 150 యూనిట్లకు 1,495.24 కట్టాలి. వాడకం సగం పెరిగితే బిల్లు 80 శాతం పెరుగుతుంది.

మే నెల కూలర్

విదర్భ ఎండలు ఎంత తీవ్రంగా ఉంటాయో చెప్పనక్కరలేదు. చంద్రపూర్ పేరు దేశంలోనే అత్యధిక ఉష్ణోగ్రతల జాబితాలో తరచూ కనిపిస్తుంది. అక్కడ కూలర్ విలాస వస్తువు కాదు. ఇంట్లో పసిబిడ్డ గానీ ముసలివాళ్లు గానీ ఉంటే అది మందుతో సమానం. 200 వాట్ల కూలర్ రోజుకు 12 గంటలు నడిస్తే నెలకు 72 యూనిట్లు. ఫిబ్రవరిలో 90 యూనిట్లు వాడిన ఇల్లు మే నెలలో 162కు చేరుతుంది. బిల్లు 762.35 నుంచి 1,654.76కు వెళుతుంది. కూలర్ ఒక్కదాని ఖర్చు 892 రూపాయలు. వాడకం 80 శాతం పెరిగితే బిల్లు 117 శాతం పెరిగింది. మే నెల బిల్లు చూసి ‘రేటు పెంచేశారు’ అనుకునే చాలా ఇళ్లలో ఆ నెల రేటు మారి ఉండదు. ఆ ఇల్లు రెండో మెట్టు ఎక్కి ఉంటుంది.

కూలర్‌ను ఆపమని చెప్పడం సలహా కాదు. ఆ 72 యూనిట్లకు చోటు ఖాళీ చేయడం ఎలా అన్నదే ఆలోచించవలసిన సంగతి. పాత రకం సీలింగ్ ఫ్యాను 75 వాట్లు లాగుతుంది. రోజుకు 15 గంటలు తిరిగితే నెలకు దాదాపు 34 యూనిట్లు. బీఎల్‌డీసీ మోటారున్న ఫ్యాను 30 వాట్లతో అదే పని చేస్తుంది, నెలకు 14 యూనిట్లలోపే. ఒక్క ఫ్యానుకు 20 యూనిట్ల ఆదా. రెండో మెట్టులో ఉన్న మహారాష్ట్ర ఇంటికి ఆ 20 యూనిట్ల విలువ 265 రూపాయల పైమాట. 2,500 నుంచి 3,000 రూపాయలు పెట్టి కొన్న ఫ్యాను పది పన్నెండు వేడి నెలల్లో తన ధర తాను రాబట్టుకుంటుంది. అదే ఫ్యాను 4.80 మెట్టులో ఉన్న రాయగడ ఇంటికి నెలకు 100 రూపాయల లోపే మిగుల్చుతుంది కనుక పాతిక ముప్పై వేడి నెలల దాకా ఆగాలి. అర్హత ఉండి 200 లోపు వాడే తెలంగాణ ఇంటికి బిల్లులో ఏమీ మిగలదు. 2023 జనవరి నుంచి సీలింగ్ ఫ్యాన్లకూ స్టార్ లేబుల్ తప్పనిసరి అయింది కనుక దుకాణంలో వాట్ల అంకె చూసి కొనడం ఇప్పుడు కష్టం కాదు.

ఫ్రిజ్ మీది లేబుల్‌లో సంవత్సరానికి ఎన్ని యూనిట్లు అన్నది రాసి ఉంటుంది. నక్షత్రాల కంటే ఆ అంకె ఉపయోగకరం. పాత ట్యూబ్‌లైటు చోక్‌తో కలిసి 50 వాట్ల పైన తీసుకుంటే ఎల్‌ఈడీ ట్యూబు 20తో సరిపెడుతుంది. టన్నున్నర ఏసీ రోజుకు 8 గంటలు నడిస్తే నెలకు 250 నుంచి 300 యూనిట్లు తింటుంది కనుక మహారాష్ట్రలో అది ఇంటిని నేరుగా 15.72 మెట్టు మీద కూర్చోబెడుతుంది.

ఒకే మీటరు మీద రెండు కాపురాలు

బల్లార్‌పూర్ వంటి కార్మిక పట్టణాల్లో ఒక ఇంట్లో రెండు మూడు కాపురాలు అద్దెకుంటూ ఒకే మీటరు వాడుకోవడం మామూలే. ఇందులో ఎవరికీ కనిపించని నష్టం ఉంది. చెరో 90 యూనిట్లు వాడే రెండు కుటుంబాలకు విడివిడి మీటర్లుంటే ఇద్దరివీ కలిపి 1,524.70 రూపాయలు. ఒకే మీటరు మీద 180 యూనిట్లయితే 1,894. రెండో స్థిర చార్జీ మిగిలినా 369 రూపాయలు ఎక్కువే కట్టవలసి వస్తోంది. యజమాని ఆ మొత్తాన్ని యూనిట్‌కు ఇంత అని పంచినప్పుడు, తక్కువ వాడినవారు కూడా ఎక్కువ వాడినవారి మెట్టు ధరను మోస్తారు. ఒడిశాలో మెట్లు చిన్నవి కనుక ఈ నష్టం స్వల్పం. చట్టప్రకారం వేరు కాపురానికి వేరు కనెక్షన్ కోరే అవకాశం ఉన్నచోట, మహారాష్ట్ర వైపు అద్దె మాట్లాడుకునేటప్పుడే మీటరు సంగతి తేల్చుకోవడం మేలు.

ప్లాంటు పక్కనే ఉన్నా

‘బొగ్గు మాది, పొగ మాది, ధర మాత్రం అందరితో సమానమా’ అన్నది చంద్రపూర్ ప్రజల పాత ప్రశ్న. 2,920 మెగావాట్ల చంద్రపూర్ థర్మల్ కేంద్రం రాష్ట్రంలోని అతి పెద్ద విద్యుత్ కేంద్రాల్లో ఒకటి. ఒడిశాలో మల్కన్‌గిరి జిల్లా బలిమెల జలవిద్యుత్ కేంద్రం సామర్థ్యం 510 మెగావాట్లు, కోరాపుట్ ఎగువ కొలాబ్‌ది 320. 1955లో మొదలైన మాచ్‌ఖండ్ కేంద్రం ఆంధ్ర, ఒడిశాల ఉమ్మడి ఆస్తి. ఇంత కరెంటు పుట్టే నేల మీద ధర తగ్గకపోవడం బాధ కలిగించే విషయమే. అయితే ఉత్పత్తి అయిన కరెంటు ముందు రాష్ట్రపు ఉమ్మడి కొలనులో కలుస్తుంది. వేర్వేరు కేంద్రాల నుంచి వేర్వేరు ధరలకు కొన్నదంతా కలిపి, సరఫరా ఖర్చులు, వడ్డీలు, నష్టాలు జోడించి, రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి ఒకే ధరల పట్టిక ఇస్తుంది. దూరం ఆ పట్టికలో ఉండదు.

ఆ పట్టికలో ఎవరి వంతు ఎంత అన్న దగ్గరే రాష్ట్రాల దారులు వేరయ్యాయి. మహారాష్ట్రలో వ్యవసాయ పంపుసెట్ల వాడకం చాలా పెద్దది, వాటి ధర సరఫరా ఖర్చు కంటే తక్కువ. 2024 ఏప్రిల్ నుంచి 7.5 హార్స్‌పవర్ వరకు పంపుసెట్ల బిల్లు ప్రభుత్వమే భరించే పథకం వచ్చింది. ప్రభుత్వం కట్టగా మిగిలిన లోటును పరిశ్రమలు, దుకాణాలు, 100 దాటిన ఇళ్లు మోస్తాయి. దీన్నే క్రాస్ సబ్సిడీ అంటారు. పెద్ద పరిశ్రమలు సొంత సోలార్ పెట్టుకునో, బయటి నుంచి నేరుగా కొనుక్కునో పక్కకు తప్పుకున్నకొద్దీ మిగిలినవారి మీద బరువు పెరుగుతుంది. రెండేళ్ల వ్యవధిలో ఏం జరిగిందో అంకెలు చూపిస్తాయి. ఇంధన సర్దుబాటును పక్కన పెడితే, 2022-23లో వహన్ ఆకార్‌తో కలిపి రెండో మెట్టు ధర 8.69 రూపాయలు. 2023-24లో 10.81, 2024-25లో 11.46. అంటే 32 శాతం పెరుగుదల. ఇదే కాలంలో స్థిర చార్జీ 105 నుంచి 128కి చేరింది.

తెలంగాణలో సున్నా బిల్లు వచ్చిన ఇంటి ఖర్చు మాయమైపోదు. 2003 విద్యుత్ చట్టంలోని 65వ సెక్షన్ ప్రకారం ఏ వర్గానికైనా రాయితీ ఇవ్వదలచిన రాష్ట్ర ప్రభుత్వం ఆ సొమ్మును పంపిణీ సంస్థకు ముందుగా చెల్లించాలి. ప్రాణహితకు అవతల ఇంటి బిల్లులో కొంత భాగం ఖజానా నుంచి వెళుతోంది, ఇవతల అది నేరుగా జేబులోంచి వెళుతోంది. రెండు ఒడ్ల మధ్య అసలు తేడా ఇది.

ఒడిశా కథకు మూడు దశాబ్దాల చరిత్ర ఉంది. విద్యుత్ బోర్డును విడదీసిన తొలి రాష్ట్రం అదే. సంస్కరణ చట్టం 1995లో వచ్చి 1996 ఏప్రిల్‌లో అమలైంది. 1999లో పంపిణీ ప్రైవేటు చేతుల్లోకి వెళ్లింది. ఆశించిన ఫలితాలు రాక 2015లో దక్షిణ ఒడిశా సహా మూడు సంస్థల లైసెన్సులు రద్దయ్యాయి. 2021 జనవరి నుంచి గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్, మల్కన్‌గిరి జిల్లాలున్న దక్షిణ మండలాన్ని టాటా పవర్‌కు 51 శాతం, ప్రభుత్వ సంస్థ గ్రిడ్కోకు 49 శాతం వాటా ఉన్న కంపెనీ చూస్తోంది. ఇన్ని చేతులు మారినా ఒక ఏర్పాటు నిలిచింది. కరెంటు మొత్తాన్ని గ్రిడ్కో కొని పంపిణీ సంస్థలకు అమ్ముతుంది. కొండల్లో చెదురుమదురుగా ఇళ్లున్న, పరిశ్రమలు తక్కువున్న దక్షిణ మండలానికి తక్కువ టోకు ధరకు ఇస్తుంది. అందుకే మల్కన్‌గిరి జిల్లా మోటు ఊళ్లోని ఇంటికీ, కటక్‌లోని ఇంటికీ ధర ఒకటే. పెట్టుబడి ఏనాడో తీరిపోయిన జలవిద్యుత్ కేంద్రాలు, గనుల పక్కనే ఉన్న బొగ్గు కేంద్రాలు ఆ ధరను కింద పట్టి ఉంచుతున్నాయి.

గ్యాసా, ఇండక్షనా

సిలిండర్ ధర పెరిగినప్పుడల్లా ఇండక్షన్ పొయ్యి వైపు చూపు మళ్లుతుంది. ఈ నిర్ణయంలో సరిహద్దు ఎంత ముఖ్యమో చాలామంది గమనించరు. 14.2 కిలోల సిలిండర్‌లో ఉన్న వేడి సుమారు 182 యూనిట్ల కరెంటుతో సమానం. గ్యాస్ పొయ్యి మీద అందులో 60 శాతం మాత్రమే గిన్నెకు చేరుతుందనుకుంటే 109 యూనిట్లు. ఇండక్షన్ పొయ్యి 85 శాతం వేడిని గిన్నెకు ఇస్తుంది కనుక ఒక సిలిండర్ వంటకు దాదాపు 128 యూనిట్లు చాలు.

కోరాపుట్‌లో 4.80 మెట్టులో ఉన్న ఇంటికి ఆ 128 యూనిట్ల ఖర్చు 614 రూపాయలు, ఆపైన సుంకం. 2025లో 900 రూపాయల అటూ ఇటూగా ఉన్న సిలిండర్‌తో పోలిస్తే ఇండక్షన్ చవక. ఉజ్వల కనెక్షన్‌కు 300 రూపాయల రాయితీ వచ్చే ఇంట్లో మాత్రం రెండూ ఇంచుమించు సమానం. ఆ ఇల్లు ముందే 150 యూనిట్లు వాడుతుంటే కొన్ని యూనిట్లు 5.80 మెట్టుకు ఎగబాకుతాయి గానీ లెక్క తలకిందులు కాదు. సిరొంచలో ముందే 100 యూనిట్లు వాడుతున్న ఇంటికి అవే 128 యూనిట్లు 1,700 రూపాయలవుతాయి. సిలిండర్ ఆదా చేస్తున్నామనుకుని ఇండక్షన్ మీద వండితే వంట ఖర్చు దాదాపు రెట్టింపవుతుంది. యూట్యూబ్‌లో ఎవరో ఏ రాష్ట్రంలోనో కూర్చుని చెప్పిన పొదుపు లెక్కను యథాతథంగా తెచ్చుకుంటే ఇక్కడ ఖర్చు తడిసి మోపెడవుతుంది.

గ్యాస్ మీదే ఆదా చేయదలచినవారికి పాత ఉపాయాలు ఇప్పటికీ పనికొస్తాయి. పప్పు నానబెట్టడం, కుక్కర్ వాడడం, గిన్నె మీద మూత, అడుగుకు తగిన మంట. అడవి ఊళ్లలో కట్టెల పొయ్యికి ధర లేకపోయినా ఆడవాళ్ల నడక, పొగ తిన్న ఊపిరితిత్తులు ఆ లెక్కలో ఉన్నాయి.

ఇంటి మీద సోలార్

2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్య ఘర్ పథకంలో మొదటి 2 కిలోవాట్లకు కిలోవాట్‌కు 30 వేల రూపాయలు, మూడో కిలోవాట్‌కు 18 వేలు, గరిష్ఠంగా 78 వేల రూపాయల కేంద్ర రాయితీ వస్తుంది. ఒడిశా ప్రభుత్వం దీనికి తన వాటా కూడా కలుపుతోంది. ఒక కిలోవాట్ పలకలు సగటున నెలకు 120 యూనిట్ల దాకా ఇస్తాయి. నెట్ మీటరింగ్‌లో ఆ యూనిట్లు బిల్లులోంచి తగ్గుతాయి. తగ్గేది పై మెట్టు నుంచే అన్నది ఇక్కడ కీలకం.

నెలకు 220 యూనిట్లు వాడే మహారాష్ట్ర ఇంటికి తగ్గే 120 యూనిట్లూ రెండో మెట్టువే కనుక సుంకంతో కలిపి నెలకు దాదాపు 1,595 రూపాయలు మిగులుతాయి. అదే వాడకమున్న ఒడిశా ఇంటికి 20 యూనిట్లు 5.80 చొప్పున, 100 యూనిట్లు 4.80 చొప్పున తగ్గి, సుంకం కాక 596 రూపాయలు మాత్రమే మిగులుతాయి. ఒడిశా తన సొంత రాయితీ కలపకపోతే అక్కడ పెట్టుబడి తిరిగి రావడానికి రెట్టింపు కంటే ఎక్కువ కాలం పడుతుంది. మహారాష్ట్రలోనే అయినా 90 యూనిట్ల ఇంటికి అప్పు చేసి సోలార్ పెట్టించడం తొందరపాటే. స్థిర చార్జీ ఎలాగూ పోదు, మిగిలే యూనిట్లు మొదటి మెట్టువి. పెంకుటింటి కప్పు బరువు మోయగలదా, పక్క చెట్టు నీడ పడుతుందా, కోతుల బెడద ఉందా అన్నవి కూడా ఈ జిల్లాల్లో ముందుగా చూసుకోవలసిన సంగతులే.

మీటరు, రీడింగ్, ఫిర్యాదు

కొత్త స్మార్ట్ మీటరు పెట్టాక బిల్లు పెరిగిందన్న ఫిర్యాదు మహారాష్ట్ర, ఒడిశా రెండింటిలోనూ ఉంది. మీటరు మారినంత మాత్రాన ధరల పట్టిక మారదు. నెమ్మదిగా తిరుగుతున్న పాత మీటరు పోయి అసలు వాడకం నమోదైనా బిల్లు పెరుగుతుంది, కొత్త మీటరులో లోపమున్నా పెరుగుతుంది. ఈ రెండింటిలో ఏది నిజమో తేల్చడానికి మాటల కంటే పరీక్ష మేలు. ఇంట్లో అన్ని స్విచ్‌లూ ఆపి మీటరు ఇంకా నమోదు చేస్తోందా చూడవచ్చు. అలా నమోదు చేస్తుంటే వైరింగ్‌లో లీకేజీ గానీ, ఎక్కడో ఆగని యంత్రం గానీ ఉందని అర్థం. అనుమానం తీరకపోతే రుసుము కట్టి మీటరు పరీక్ష కోరవచ్చు.

రీడింగ్ తీయకుండా సగటు బిల్లు వేసిన నెలలు అసలు చిక్కు తెస్తాయి. మూడు నెలల వాడకం ఒకేసారి ఒకే నెల పేరిట నమోదైతే 90 యూనిట్ల ఇల్లు కాగితం మీద 270 యూనిట్ల ఇల్లవుతుంది. ఆ యూనిట్లను నెలల వారీగా పంచి స్లాబు వర్తింపజేశారా లేదా అన్నది బిల్లులో చూసుకోవాలి. పంచకపోతే మహారాష్ట్రలో తేడా వెయ్యి రూపాయలకు దగ్గరగా ఉంటుంది. మీటరు అంకె కనిపించేలా ప్రతి నెలా ఒకే తేదీన ఫోన్‌తో ఫోటో తీసి ఉంచుకున్న ఇంటికి ఈ వాదనలో చేతిలో ఆధారం ఉంటుంది.

స్థానిక కార్యాలయంలో పని జరగకపోతే వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు, అక్కడా న్యాయం జరగలేదనుకుంటే విద్యుత్ అంబుడ్స్‌మన్‌కు వెళ్లే హక్కును 2003 చట్టంలోని 42వ సెక్షన్ ప్రతి వాడకందారుకూ ఇచ్చింది. దానికి వకీలు అక్కరలేదు. ఫిర్యాదు రాసేటప్పుడు వినియోగదారు సంఖ్య, వివాదంలో ఉన్న నెలలు, మాగీల్ రీడింగ్, చాలూ రీడింగ్, మీటరు ఫోటోలు జతచేసి, రసీదు తీసుకుని దాచుకోవాలి. మరాఠీలోనో ఒడియాలోనో రాయడం రాని ఇంటికి బడిలో ఆ భాష చదువుకున్న పిల్లలే ఉత్తమ సహాయకులు. బిల్లులోని ఆ మధ్య వరుసలను వారి చేత నెలకోసారి పైకి చదివించుకున్నా, ఏ నెలలో ఏ మెట్టు ఎక్కారో ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది.